డెల్టా గాలిలో గిటార్

వానాకాలం వస్తే కోనసీమ ఇళ్లలో తలుపులు బిగుసుకుపోతాయి. శ్రావణంలో భుజం పెట్టి నెట్టాల్సిన తలుపే రోహిణి కార్తెలో సందులిచ్చి గాలికి కొట్టుకుంటుంది. గిటార్ చేయడం నేర్చుకోవాలనుకునేవాళ్లు ఉలి పట్టకముందే ఆ తలుపు సంగతి తెలుసుకోవాలి. అమలాపురంలోనో నరసాపురంలోనో చిన్న షెడ్డు వేసుకుని పని మొదలుపెడితే, అక్కడ అసలు చిక్కు గాలితోనే. పనిముట్లు ఎలాగైనా సంపాదించుకోవచ్చు.

చెట్టు కొట్టి ఎన్నేళ్లయినా కర్ర గాలిలోని తేమని పీలుస్తూ, వదులుతూ ఉంటుంది. గాలిలో తేమ 80 శాతం ఉంటే, కర్ర తన ఎండు బరువులో సుమారు 16 శాతం నీటిని పట్టుకుంటుంది. తేమ 45–50 శాతానికి దిగితే ఆ నీరు 9 శాతం దగ్గరికి వస్తుంది. గిటార్ మేస్త్రీలు సాధారణంగా పనిగదిని ఈ 45–50 మధ్యే ఉంచుకుంటారు. మన దగ్గర వానాకాలంలో అంత పొడి గాలి దానంతటది రాదు.

నీరు పోయినప్పుడు కర్ర అన్ని వైపులా సమానంగా కుంచించుకోదు. నార వెంట పొడవు మారడం దాదాపు ఉండదు, మార్పంతా అడ్డంగానే. గిటార్ పైపలకకి వాడే స్ప్రూస్ అనే కర్రలో నీరు ఒక్క శాతం తగ్గితే వెడల్పు సుమారు 0.14 శాతం తగ్గుతుంది. 380 మిల్లీమీటర్ల పలక 16 నుంచి 9కి ఆరిందంటే దాదాపు 4 మిల్లీమీటర్లు పోయినట్టే. పలక మందం చూస్తే 3 మిల్లీమీటర్ల లోపు. దాని అడుగున అడ్డంగా అంటించిన బద్దెల్లో నార వాటి పొడవునా, అంటే పలకకి అడ్డంగా, ఉంటుంది కాబట్టి అవి కుంచించుకోవు, పలకని కుంచించుకోనివ్వవు. పలక నార వెంట చీలిపోతుంది. ఆషాఢంలో తడి గాలిలో అంటించిన గిటార్‌ని హైదరాబాదులో ఏసీ గదిలో పెడితే జరిగేది ఇదే. పొడి గదిలో అంటించి తడి గాలిలోకి తెస్తే పలక కాస్త పైకి ఉబ్బుతుందంతే, చీలే భయం చాలా తక్కువ. అందుకే ఎప్పుడూ పొడిగా ఉన్నప్పుడే అంటించాలి.

కాబట్టి మొదట కొనాల్సింది తేమ కొలిచే మీటరు. గది మొత్తానికి డీహ్యూమిడిఫయర్, అంటే గాలిలో తేమ లాగేసే యంత్రం, పెట్టే స్తోమత లేకపోతే, మూత బిగుతుగా ఉండే చెక్కపెట్టెలో ఫిలమెంటు బల్బు వెలిగించినా పని జరుగుతుంది. గాలిలో ఉన్న నీరు అంతే ఉన్నా, వేడెక్కేకొద్దీ సాపేక్ష తేమ, అంటే ఆ గాలి పట్టుకోగల నీటిలో ఎన్నో వంతు ఉందన్న లెక్క, పడిపోతుంది. పైన చెప్పిన శాతాలు ఇవే. పలకల మధ్య సన్నటి పుల్లలు పెట్టి దొంతరగా పేర్చి, ఒక పలకని వంటింటి డిజిటల్ తక్కెడ మీద రోజూ తూచి రాసుకోవాలి. అంకె తగ్గుతూ తగ్గుతూ ఒకచోట నిలిచిపోతే కర్ర ఆ గాలికి సర్దుకుందన్నమాట. ఈ చిన్న లెక్కల పుస్తకం ఏ ఖరీదైన పనిముట్టుకీ తీసిపోదని నా నమ్మకం.

ఇబ్బంది పెట్టే ఆ నీరే గిటార్ పక్కలు వంచేటప్పుడు సాయం చేస్తుంది. పక్కల చెక్క మందం 2 మిల్లీమీటర్ల చిల్లర. పొడిగా వంచితే ఫట్‌మంటుంది. కర్ర పోగుల్ని కలిపి పట్టే లిగ్నిన్, తడిగా ఉన్నప్పుడు 100 డిగ్రీల దగ్గర్లోనే మెత్తబడుతుంది. పూర్తిగా ఎండిన కర్రలో అయితే దానికి ఇంకా చాలా వేడి కావాలి. తడిపిన చెక్కని కాలిన ఇనుప గొట్టానికి ఆనిస్తే ముందు బుసబుసమని ఆవిరి లేస్తుంది. చేతులు బలవంతం చేయకూడదు. కాసేపటికి చెక్క తనంతట తానే లొంగుతుంది, ఆ మార్పు వేళ్లకి స్పష్టంగా తెలుస్తుంది. చల్లారేదాకా అలాగే పట్టుకుంటే ఆ వంపు నిలుస్తుంది. పలకని తడిపి, వేడి చూపించి వంచడం పడవలు కట్టేవాళ్లకి కొత్త కాదు. పడవల పనికి పేరున్న తాళ్లరేవు మన డెల్టాలోనే ఉంది.

ఇక ఏ కర్ర? చాలామంది రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి, లేకపోతే గిటారే కాదనుకుంటారు. స్పెయిన్‌కి చెందిన గిటార్ మేస్త్రి ఆంటోనియో దె టోర్రెస్ 1862లో వెనకపలక, పక్కలు కాగితపు గుజ్జుతో చేసి, పైపలక మాత్రం మంచి కర్రతో పెట్టి ఒక గిటార్ చేశాడు. స్వరం ప్రధానంగా పైపలకదే అని చూపించడానికి. వెనకపలక, పక్కల ప్రభావం అసలు లేదనలేం గానీ, నేర్చుకునే దశలో పైపలకకి డబ్బు పెట్టి, మిగతాదానికి మన పనసో టేకో వాడుకోవడం తెలివైన పని. బొబ్బిలి వీణ పుట్టేది పనసలోనే కదా. కోత మిల్లులో దుంగ మధ్య నుంచి బెరడు వైపుగా, వ్యాసార్ధం వెంట కోసిన పలకే అడగండి. మామూలు కోత పలకతో పోలిస్తే అది వెడల్పులో దాదాపు సగమే కుంచించుకుంటుంది.

పైపలకకి చిత్రిక పట్టేటప్పుడు చెయ్యి తేలిగ్గా ఉండాలి. పలక బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుంది. 3 మిల్లీమీటర్లని 2.7 చేస్తే తగ్గిన మందం పదో వంతే, పోయిన బిగువు 27 శాతం. అందుకే నాలుగు పల్చటి పొరలు తీయడం, పలకని రెండు వేళ్లతో పట్టుకుని తట్టి వినడం, మళ్లీ నాలుగు తీయడం.

మెట్ల (ఫ్రెట్ల) దగ్గర వీణకీ గిటార్‌కీ దారులు వేరు. వీణ 24 మెట్లు మైనం మీద కూర్చుంటాయి. చెవితో విని జరిపి మేళం కడతారు, మైనం కరిగితే మళ్లీ కడతారు. గిటార్ మెట్లు గాడిలో దిగగొట్టేవి, తర్వాత జరపలేం. లెక్క ముందే సరిగ్గా ఉండాలి. మిగిలిన తీగ పొడవుని ప్రతిసారీ 17.817తో భాగిస్తే తర్వాతి మెట్టు దూరం వస్తుంది. తీగ 650 మిల్లీమీటర్లయితే మొదటి మెట్టు 36.48 దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో, 325 దగ్గర పడుతుంది. పాతకాలంలో 18తో భాగించేవారు. ఆ లెక్కన పన్నెండోది 2 మిల్లీమీటర్లకి పైగా ముందే పడి పై షడ్జం కొంచెం తగ్గి పలుకుతుంది. కదలని మెట్ల మీద గమకం పలకదని ఎవరైనా అంటే, పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ కచేరీ ఒకటి వినిపించాలి.

చివరి పని లక్క పాలిష్. దానికీ గాలే అడ్డు. లక్కని కరిగించిన స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడుతుంది, తడి గాలిలోని నీరు దానిమీద చేరి పాలిష్ తెల్లగా పాలిపోతుంది. ముసురు పట్టిన రోజుల్లో లక్క ముట్టుకోకండి. మాఘంలో మంచు విడిచాక, మీటరు చూసి, మధ్యాహ్నం పూట మొదలుపెట్టండి.