గుడ్డికొంగ గుడ్డిది కాదు: నీటి పక్షుల మేతపై అపోహలు, వాస్తవాలు

"చెరువులోనే నీళ్లు లేని అనంతపురంలో మడ అడవుల సంగతి ఎందుకు సార్?" అని మొన్న శింగనమల చెరువు కట్ట మీద ఒక కుర్రాడు అడిగాడు. కాలేజీ పిల్లలను పక్షులు చూపించడానికి తీసుకెళ్లిన రోజది. ఏటా జనవరిలో ఈ చుట్టుపక్కల చెరువుల్లో నీటి పక్షుల లెక్కింపుకు వెళ్తాను. వీలైనప్పుడల్లా కాకినాడ పక్కన ఉన్న కోరింగ మడ అడవికీ వెళ్లి వస్తాను. రెండు చోట్లా నీళ్లలో నడుస్తూ మేసే పక్షులు చాలావరకు ఒకటే. వాటి మీద జనం చెప్పుకొనే మాటలూ ఒకటే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మడ అడవి పక్షుల బతుకు వేరు, మెట్ట ప్రాంతపు చెరువు పక్షుల బతుకు వేరు.

తేడా గడియారంలోనే ఉంది. కోరింగలో సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి, రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. ఆటు వేళ, అంటే నీరు తగ్గినప్పుడు, గాలి కోసం నేలలోంచి పైకి పొడుచుకొచ్చే మడచెట్ల ఊపిరివేళ్ల మధ్య బురద తేలుతుంది. పిల్లకాలువల్లో చేపలు, రొయ్యలు ఇరుకున పడతాయి. కొంగలు దిగేది అప్పుడే. బురదలో ముక్కు గుచ్చి పురుగులను తడిమి పట్టుకునే ఉల్లంకి పిట్టలైతే అర్ధరాత్రి ఆటు వచ్చినా మేస్తాయి. మన దగ్గర ఈ పని ఎండ చేస్తుంది. అక్కడ ఆరు గంటల్లో తగ్గే నీరు ఇక్కడ తగ్గడానికి ఆరు నెలలు పడుతుంది. చివరికి చేపలన్నీ ఒక మడుగులోకి చేరడం మాత్రం రెండు చోట్లా ఒకటే.

అపోహ: చెరువు ఎంత నిండితే కొంగలు అంత ఎక్కువ.

నిండు చెరువు బాతులకు, నీటికాకులకు, గూడబాతులకు పండుగ. కొంగకు కాళ్లెంత పొడవో చెరువు అంతే. దాని మోకాలు దాటిన నీరు దానికి సముద్రంతో సమానం. చెరువు తగ్గుతూ, అంచున వాలుగా బురద తేలుతున్నప్పుడే కొంగలు గుంపులుగా వస్తాయి. సుందరీకరణ పేరుతో అంచును నిట్టనిలువుగా తవ్వి, రాళ్లు పేర్చి, చుట్టూ నడకదారి వేసిన చెరువు ఒకటి నాకు తెలుసు. మనుషులు హాయిగా నడుస్తున్నారు. కొంగ కాలు పెట్టడానికి జానెడు చోటు లేదు.

అపోహ: వీరాపురం కొంగలు సైబీరియా నుంచి వస్తాయి.

ఇది పత్రికల్లో కూడా వస్తుంది, చదివినప్పుడల్లా నాకు చిరాకు. చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టేవి ఎర్రకాళ్ల కొంగలు. అవి ఈ దేశపు పక్షులే. నీటిని బట్టి ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి తిరుగుతుంటాయి, అంతే. చలికి తట్టుకోలేక వలస వచ్చే పక్షి ఇక్కడ గుడ్లు పెట్టదు, సంతానం కోసం సొంత దేశానికే పోతుంది. ఇవి ఇక్కడే పొదిగి, ఎండాకాలంలో పిల్లల్ని సాకుతాయి. సైబీరియా కొంగ పూర్తిగా వేరే జాతి. ఒకప్పుడు అది చలికాలానికి వచ్చిన రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో కూడా 2001-02 చలికాలం తర్వాత కనిపించలేదు. నిజంగా ఉత్తరాది చలి దేశాల నుంచి మన చెరువులకు వచ్చేవి అరచేతిలో ఇమిడే ఉల్లంకి పిట్టలు. వాటికి ఎవరూ ఫొటోలు తీయరు.

గూళ్లు ఎండాకాలంలోనే ఎందుకంటే, పిల్లలు ఎక్కువ తినే రోజుల్లోనే చెరువులు అడుగంటి చేపలు చేతికందుతాయి. తల్లీతండ్రీ చేపలను మింగి తెచ్చి గూటిలో కక్కుతాయి, పిల్లలు ఏరుకుంటాయి. జారిపడినవి చెట్ల కింద కుళ్లి వాసన వేస్తాయి. ఊరివాళ్లు ఆ వాసన భరిస్తూనే వాటిని కాపాడుకుంటున్నారు. ఆ రోజుల్లో కొంగ కాళ్లు చూడండి, సున్నం పూసినట్టు తెల్లగా ఉంటాయి. జబ్బేమీ కాదు. సొంత కాళ్ల మీదే రెట్ట వేసుకుని, ఆ తడి ఆరుతుంటే ఒళ్లు చల్లబరుచుకుంటుంది.

అపోహ: కొంగలన్నీ కళ్లతో చూసి చేపను పొడుస్తాయి.

ఎర్రకాళ్ల కొంగ మేత చూస్తే ఈ మాట మళ్లీ అనరు. ముక్కును సగం తెరిచి నీళ్లలో ముంచుతుంది. అలాగే పక్కలకు ఊపుతూ, ఒక కాలితో బురద కెలుకుతూ నడుస్తుంది. ఒక్కోసారి ఒక రెక్క టపటపలాడిస్తుంది. బెదిరిన చేప ముక్కుకు తగిలిందా, టక్కున మూత. కలక నీళ్లలో కళ్లకు పని లేదు. దీని అమెరికా దాయాది మీద జరిపిన ప్రయోగం 1963లో అచ్చయింది. కళ్లు మూసేసినా అది చేపలు పట్టింది. ముక్కు మూసుకోవడానికి పట్టిన సమయం సెకనులో నలభయ్యో వంతు! తెడ్డుమూతి కొంగ, తెల్లకంకణం కూడా ఇలా తడిమి పట్టేవే.

కళ్లతో వేటాడేది గుడ్డికొంగ. పేరు పెట్టినవాళ్లు ఎంత అన్యాయం చేశారో! మనం నాలుగడుగుల దూరానికి వచ్చేదాకా కదలదు కాబట్టి దానికి చూపు లేదనుకున్నారు. మట్టిరంగు ఒంటిని నమ్ముకుని అది మనల్ని చూస్తూనే ఉంటుంది. ఇక దాగలేననుకున్నప్పుడు లేస్తుంది, మట్టిగడ్డలోంచి తెల్లటి రెక్కలు విచ్చుకుంటాయి. నీళ్లలో వంకరగా కనబడే చేప అసలు చోటును సరిగ్గా అంచనా వేసి పొడిచే నేర్పు ఈ జాతివాళ్లకు ఉంది.

అపోహ: ఒంటికాలి మీద నిలబడిందంటే చేపకు గాలం వేసినట్టే.

కొంగ జపం అని తిట్టుకుంటాం గాని, ఒంటికాలి మీద ఉన్న కొంగ సాధారణంగా విశ్రాంతిలో ఉంటుంది. ఈకలు లేని కాలిని పొట్టలో దాచుకుంటే ఒంటి వేడి పోదు. చేప భయపడాల్సింది రెండు కాళ్ల కొంగకు.

అపోహ: గుల్లకొంగ నత్తగుల్లను పోకచెక్కలా కొరికి పగలగొడుతుంది.

ముక్కు మధ్యలోని సందు చూసి అలా అనుకుంటారు. అది మేసిన చోట ఒక గుల్లను చేతిలోకి తీసుకోండి. చాలాసార్లు చిట్లకుండా ఉంటుంది, మూత మాత్రం వేరుగా పడి ఉంటుంది. పై ముక్కుతో గుల్లను అదిమి, కింది ముక్కు కొనను మూత కిందికి దూర్చి, నత్తను గుల్లకు పట్టి ఉంచే కండరాన్ని కోస్తుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది.

అపోహ: పశువుల వెంట తిరిగే తెల్లకొంగ గోమార్ల కోసమే వస్తుంది.

దున్నే ట్రాక్టరు వెంట కూడా వస్తుంది. ట్రాక్టరుకు గోమార్లు ఉంటాయా? డెక్కల కింద, నాగలి కింద ఎగిరే మిడతలే దాని అసలు మేత.

అపోహ: చేపలన్నీ కొంగలే తినేస్తాయి.

ఇందులో కొంత నిజముంది. లోతులేని మడుగులో చేపపిల్లలను పెంచే రైతుకు నష్టం తప్పదు, పైన వల కప్పుకోవాల్సిందే. పెద్ద చెరువులో అంచున దొరికే చిన్న చేపలకు మించి వాటికి అందవు.

ఆ కుర్రాడి సంగతి చెప్పలేదు కదూ. బైనాక్యులర్ ఇచ్చి ఒక చిన్న తెల్లకొంగను చూడమన్నాను. నల్లటి కాళ్లు, పాదాలు మాత్రం పసుపు రాసుకున్నట్టు. ఒక పాదం ముందుకు చాచి బురదలో వణికిస్తోంది. చేపపిల్ల ఉలిక్కిపడి బయటికొచ్చేసరికి ముక్కు సిద్ధంగా ఉంది. కోరింగలోనూ ఇదే కొంగ, ఇదే వణుకు. కుర్రాడు ఎన్నిసార్లు దొరికిందో, ఎన్నిసార్లు తప్పిందో నోటుపుస్తకంలో గీతలు గీయడం మొదలుపెట్టాడు. బస్సు హారన్ కొట్టినా లేవలేదు.