పది రోజుల సెలవుతో పోయే అలసట కాదిది: బర్నౌట్‌పై అపోహలు - వాస్తవాలు

మాంద్యం తగ్గి ఆర్డర్లు మళ్లీ రావడం మొదలయ్యాక నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. కష్టకాలంలో రాత్రింబవళ్లు నిలబడ్డ మనిషి గండం గడిచాక కూలబడడమేంటని చాలామంది ఆశ్చర్యపోతారు. కూలబడతాడు. పని ఒత్తిడి నెలల తరబడి సాగి మనిషి లోపల్నుంచి ఖాళీ అయిపోయే ఈ స్థితినే బర్నౌట్ అంటారు. కంపెనీ అధిపతులతో, సీనియర్ మేనేజర్లతో కూర్చుని మాట్లాడడమే నా పని. ఈ మధ్య ప్రతి వారం వింటున్న మాట ఒక్కటే: "ఓ పది రోజులు ఎక్కడికైనా వెళ్లొస్తే సెట్ అయిపోతానండీ." అందుకే ఈ పోస్టు.

అపోహ: సెలవు పెడితే బర్నౌట్ పోతుంది.

వాస్తవం: సెలవులో ఉన్నన్నాళ్లూ తగ్గుతుంది, వచ్చాక మళ్లీ పట్టుకుంటుంది. మినా వెస్ట్‌మన్, డోవ్ ఈడెన్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరు ఉద్యోగులను సెలవుకు ముందు, సెలవులో, ఆ తర్వాత గమనించి 1997లో ఒక పత్రం ప్రచురించారు. సెలవులో బర్నౌట్ తగ్గింది. పనిలో చేరిన మూడు వారాలకల్లా పాత స్థాయికి వచ్చేసింది. సెలవు వద్దని కాదు, నిక్షేపంగా పెట్టండి. దాన్ని వైద్యం అనుకోవద్దంటున్నానంతే.

ఈ పొరపాటు నేనూ చేశాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక ఎండీ గారిని బతిమాలి రెండు వారాలు సెలవుకు పంపాను. మొహంలో కళతో తిరిగొచ్చారు. నెల తిరక్కుండానే ఒకరోజు రాత్రి పదకొండింటికి ఫోన్. "ముందుకన్నా అధ్వాన్నంగా ఉందండీ. అప్పుడు కనీసం సెలవు పెడితే బాగవుతాననే ఆశ ఉండేది, ఇప్పుడు అదీ లేదు."

అప్పుడు గానీ ముందే చేయాల్సిన పని చేయలేదు. ఒక రోజంతా ఆయన గదిలో ఓ మూల కూర్చుని, ఆయన టేబుల్ మీదికి ఏమేం వస్తున్నాయో రాసుకున్నాను. ప్రింటర్ టోనర్ కొనడానికి సంతకం. ఒక ట్రైనీ ప్రయాణ ఖర్చుల బిల్లు. పాత కస్టమర్‌కి రెండు శాతం డిస్కౌంట్ ఇవ్వొచ్చా అని ఒక మెయిల్. మధ్యాహ్నానికే కాగితం రెండువైపులా నిండింది. "ఇవన్నీ ఎప్పటి నుంచి మీ దగ్గరికి వస్తున్నాయి?" అని అడిగితే కాసేపు ఆలోచించారు. "డబ్బు టైట్‌గా ఉన్నప్పుడు సర్క్యులర్ ఇచ్చామండీ. మూడు నెలలకే అనుకున్నాం." అప్పటికి రెండేళ్లు దాటింది. దాన్ని రద్దు చేయాలని ఎవరికీ తోచలేదు.

నేను చూసిన కేసుల్లో ఎక్కువ వాటిలో తంటా ఇక్కడే ఉంది. నగదు ఆడనప్పుడు పగ్గాలన్నీ ఒకరి చేతిలోకి తెచ్చుకోవడం తప్పు కాదు, చాలాసార్లు కంపెనీ బతికేదే దానివల్ల. కానీ గండం గడిచాక వాటిని తిరిగి ఇవ్వరు. ఈలోగా డిపార్ట్‌మెంట్ హెడ్‌లకు అడగడం అలవాటైపోతుంది, పైవాళ్లకు ప్రతిదీ చూడడం అలవాటైపోతుంది. క్రిస్టీనా మాస్లాక్, సూసన్ జాక్సన్ 1981లో ప్రచురించిన కొలమానం బర్నౌట్‌లో మూడు ముఖాలను చూస్తుంది: ఒంట్లో, మనసులో సత్తువ అయిపోవడం, మనుషుల మీద విరక్తి, "నావల్ల ఏమీ కావడం లేదు" అన్న భావన. సెలవూ నిద్రా మహా అయితే మొదటిదానికి పనికొస్తాయి. పొద్దస్తమానం టోనర్ బిల్లులు చూసే మనిషికి తనవల్ల ఏదో అవుతోందని ఎలా అనిపిస్తుంది?

ఆయనతో చేయించింది పెద్ద బ్రహ్మవిద్య కాదు. మాంద్యంలో పెట్టిన రూల్స్ అన్నీ ఒకచోట రాయించాను. ఒక్కోదాని పక్కన ఇకపై ఎవరు చూస్తారు, ఎంత వరకు, ఏ తేదీ నుంచి అన్నది రాశాం. రెండో వారంలోనే ఒక హెడ్ పనికిరాని సరుకు కొన్నాడు. మా సారు వెంటనే సంతకం మళ్లీ తన దగ్గరికి లాక్కోబోయారు. నష్టం ఎంతో లెక్క వేయమన్నాను. ఆయన అరగంట జీతం కూడా కాలేదు. నవ్వారు, అన్ని నెలల్లో నేను ఆయన నవ్వు చూడడం అదే మొదలు. మిగిలిన టైంలో, ఎప్పుడో మానేసిన కస్టమర్ విజిట్లు మళ్లీ మొదలుపెట్టారు. పూర్తిగా కోలుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది.

అపోహ: మంచి మోటివేషనల్ స్పీకర్‌ని పిలిస్తే జోష్ వస్తుంది.

వాస్తవం: వస్తుంది, ఆ సాయంత్రం దాకా.

అపోహ: బర్నౌట్ జబ్బని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది.

వాస్తవం: చెప్పలేదు. 2019లో అలా వార్తలు వస్తే ఆ సంస్థే వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఐసీడీ-11లో, అంటే ఆ సంస్థ జబ్బులను, ఆరోగ్య సమస్యలను వర్గీకరించే జాబితాలో, దీన్ని పనికి సంబంధించిన పరిస్థితిగానే పెట్టారు, జబ్బుగా కాదు. ఇది ఫార్వర్డ్ చేసేవాళ్లు కనీసం ఒక్కసారి ఆ పేజీ తెరిచి చూస్తే బాగుండు. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. వారాల తరబడి నిద్ర లేకపోయినా, పనికి సంబంధం లేని సంతోషాలు కూడా చప్పగా అనిపిస్తున్నా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అది నాలాంటివాళ్ల పని కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఇవాళే. డిప్రెషన్‌ని బర్నౌట్ అని పిలుచుకుంటూ నెలలు గడిపినవాళ్లను చూశాను. భయపడాల్సిన పని లేదు, చికిత్స ఉంది.

అపోహ: లేఆఫ్ బాధ ఉద్యోగం పోయినవాళ్లదే, తీసేసే పైవాళ్లకేం?

వాస్తవం: పోయినవాళ్ల బాధతో దీన్ని పోల్చను. కానీ లేదనడం అబద్ధం. నాతో మాట్లాడే ఒక మేడమ్ లిఫ్ట్ ఎక్కడం మానేశారు. లిఫ్ట్ దిగితే ఖాళీ సీట్ల వరుస దాటి తన గదికి వెళ్లాలి, అందుకని వెనక మెట్ల మీదుగా వెళ్తారు. తను ఉద్యోగంలోంచి తీసేసినవాళ్ల పేర్ల జాబితా ఇప్పటికీ ఆమె సొరుగులో ఉంది. "చింపేస్తే మనసు తేలికవుతుందా?" అని అడిగారు. వద్దన్నాను. ఇప్పుడు మళ్లీ మనుషుల్ని తీసుకుంటున్నారు కాబట్టి, ఆ జాబితాలో ముగ్గురికి ఆమే స్వయంగా ఫోన్ చేశారు. ఒకరు ఎత్తలేదు. ఒకరు తిట్టారు, ఆమె ఊరకే విన్నారు. మూడో మనిషి వచ్చే నెల చేరుతున్నారు.

మేడమ్ ఇంకా మెట్ల మీదుగానే వెళ్తున్నారు.