మునిగే ఓడలో మూత వెతికినాయన

చిన్నూ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో చిన్నూ అడిగింది నా బుర్రలో ఇంకా తిరుగుతూనే ఉంది. షికాగో మ్యూజియంలో యూ-505 అనే జర్మన్ సబ్‌మెరైన్ చూసొచ్చి, "తాతయ్యా, అది నీళ్లల్లో దాక్కునేది కదా, మరి దాన్నెలా పట్టుకున్నారు?" అన్నావు. మీ నాన్నేమో గూగుల్ చేస్కో అన్నాడు. వాడి సంగతి వదిలెయ్, నేను చెప్తా.

ముందు బిందె గురించి తెలియాలి. మా చిన్నప్పుడు నూతిలోకి బిందె వదిలితే మొదట తేలేది, లోపల గాలి కదా, తాడు కాస్త ఆడిస్తే పక్కకి ఒరిగి బుడబుడమని నీళ్లు తాగి మునిగేది. సబ్‌మెరైనూ అంతే, ట్యాంకుల్లోకి నీళ్లు వదిలితే కిందకి, గాలి కొట్టి ఆ నీళ్లు తోసేస్తే పైకి. కాకపోతే ఈ బిందె దాదాపు 77 మీటర్లు, లోపల 59 మంది జర్మన్లు. ఓసారి నా చేతిలో తాడు జారి కొత్త ఇత్తడి బిందె నూతి పాలైంది, మా నాయనమ్మ తిట్లు వీధి చివరిదాకా వినిపించాయి, పక్కింటాయన కొక్కేల గుత్తి దించి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కెలికితే గానీ పైకి రాలేదు. నూతి అడుగుకి పోయిన బిందెకే అంత పాట్లు పడ్డాం, మరి సముద్రంలో?

1944 జూన్ 4, రెండో ప్రపంచ యుద్ధం రోజులు. ఆఫ్రికా పశ్చిమ తీరానికి దూరంగా అట్లాంటిక్‌లో అమెరికా ఓడలు దీని మీద నీటిలో పేలే బాంబులు వేశాయి. ఇక పని అయిపోయిందనుకుని కెప్టెన్ లాంగే పైకి తేల్చేసి అందర్నీ దూకెయ్యమన్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక గొట్టం మూత తీసేసి పోయారు, నీళ్లు నిండి దానంతటదే మునిగిపోవాలని. ఇప్పుడు అది చిల్లు బిందె. పైగా చుక్కాని ఇరుక్కుపోయి, ఇంజిన్ ఆగక, సముద్రంలో గుండ్రంగా తిరుగుతోంది (బిందె ఇలా తిరగదు, పోలిక ఇక్కడ కాస్త తేడా కొడుతుంది, సర్దుకోండి).

అమెరికన్ల నాయకుడు కెప్టెన్ గ్యాలరీ, ముంచొద్దు పట్టుకుందాం అని ముందే అనుకుని ఉన్నాడు. లెఫ్టినెంట్ డేవిడ్ కొంతమందితో చిన్న పడవలో దాన్ని వెంటాడి, పైకెక్కి లోపలికి దిగాడు. ఏ క్షణాన పేలుతుందో, ఏ క్షణాన మునుగుతుందో తెలీదు. లుకోసియస్ అనే కుర్రాడు ఆ నీళ్లలో మూత వెతికి మళ్లీ బిగించాడు. మా ఇంట్లో బిందె కారితే సబ్బు ముక్క అద్దేవాళ్లం, ఆయన చేసింది కూడా అదేగా!

లోపల ఎనిగ్మా యంత్రాలు (కబుర్లని రహస్య కోడ్‌లోకి మార్చేవి), రహస్య కోడ్ పుస్తకాలు దొరికాయి. జర్మన్లకి తెలిస్తే కోడ్ మార్చేస్తారు. అందుకే తాడు కట్టి బెర్ముడా దాకా లాక్కెళ్లి జూన్ 19న దాచేశారు, దానికి నీమో అని దొంగపేరు పెట్టారు. దాదాపు 3,000 మంది నావికులు నోరు విప్పలేదు. మన వీధిలో ముగ్గురికి చెబితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది!

ఒక్కటి మాత్రం నాకు బాగోదు. ప్రాణాలతో దొరికిన 58 మందిని లూసియానాలో ఎవరికీ తెలియకుండా ఉంచారు, ఇంట్లో వాళ్ల తల్లులు పోయారనుకుని ఏడ్చారు. గుట్టు కాపాడటం గొప్పే, కానీ ఆ తల్లుల గురించి కూడా ఆలోచించండి.

యుద్ధం అయ్యాక దాన్ని టార్గెట్‌గా పెట్టి కాల్చేద్దామనుకున్నారు. గ్యాలరీది షికాగోనే, ఆ ఊరి జనం డబ్బులు పోగేసి 1954లో దాన్ని తెచ్చుకున్నారు. ఊడిపోయిన భాగాల కోసం జర్మన్ కంపెనీలకే రాస్తే, మా పనితనం బాగా కనపడాలని ఉచితంగా పంపాయట!

వేసవికి వైజాగ్ వస్తే బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ చూపిస్తా. ఈలోపు బకెట్లో చెంబు బోర్లించి నొక్కి చూడండి, ఎంత బలంగా పైకి తోస్తుందో. మళ్లీ మ్యూజియానికి వెళ్తే గుంపు ముందుకి కదిలాక మీరిద్దరూ ఒక నిమిషం ఆగండి, కాళ్ల దాకా నీళ్లొచ్చాయనుకుని మూత కోసం వెతకండి. ఏమనిపించిందో నాకు ఫోన్ చేసి చెప్పండి, అర్ధరాత్రైనా పర్లేదు.

మీ తాతయ్య