స్పార్కు కనబడితే సరిపోదు పిల్లలూ

ఒరే పెద్దోడా, అమ్మడూ, ఇద్దరూ కలిసి కూర్చుని చదవండి. మొన్న ఫోన్లో చెప్పారు కదా, భీమిలి తోటలో ఉన్న పాత పెట్రోలు ట్రాక్టరు ఫెర్గూసన్‌కి ప్లగ్గు ఊడదీసి బాడీకి ఆనించి హ్యాండిల్ తిప్పితే స్పార్కు వస్తోంది, పెట్రోలూ వస్తోంది, అయినా బండి అందుకోవట్లేదు తాతయ్యా అని. ఫోన్లో చెప్తే సగం గాల్లో పోతుంది, అందుకే రాసి పంపుతున్నా.

స్పార్కు వచ్చింది నిజమే. కానీ ఎక్కడ వచ్చింది? బయట గాల్లో. ప్లగ్గు మొనల మధ్య ఖాళీ ఎంతుంటుంది, అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. మామూలు గాల్లో ఒక మిల్లీమీటరు దూకడానికి సుమారు 3,000 వోల్టులు చాలు కాబట్టి బాగా నీరసపడిపోయిన కాయిల్, అంటే బ్యాటరీ కరెంటుని వేల వోల్టులకి పెంచే తీగచుట్ట కూడా బయట టక్కున నిప్పు చూపిస్తుంది. అదే ప్లగ్గు ఇంజన్‌లో బిగిస్తే పిస్టన్ పైకొచ్చి గాలినీ పెట్రోలునీ ఐదారింతలు కుదించేసి ఉంటుంది, అంత చిక్కటి గాల్లో అదే ఖాళీ దూకాలంటే వోల్టేజీ మూడు నాలుగింతలు కావాలి. ప్రెషర్ పెరిగితే నిప్పు దూకడం కష్టమవుతుందని పాషెన్ అనే జర్మన్ ఆయన 1889లోనే ప్రయోగాలు చేసి లెక్క కట్టాడు. బీచ్ రోడ్డులో సైకిల్ తొక్కేవాడు అదే ఊపుతో కైలాసగిరి ఎక్కేస్తాడని చెప్పలేం కదా, మీరు చూసిన స్పార్కూ అంతే.

కాబట్టి బయటే దానికి కష్టమైన పని పెట్టాలి. పనికిరాని పాత ప్లగ్గు ఒకటి తీసుకుని పక్కనుంచి వంగి ఉండే కొక్కెం లాంటి మొనని పూర్తిగా కోసెయ్యండి. ఇప్పుడు నిప్పు మధ్య మొన నుంచి అంచు రింగు దాకా దూకాలి, ఆ దూరం మామూలు ఖాళీకి ఎన్నో రెట్లు. ఆ ప్లగ్గుని గట్టి క్లిప్పుతో శుభ్రమైన ఇనుము మీద బిగించండి, పెయింటు మీద కాదు, ఎర్త్ సరిగ్గా దొరక్కపోతే మంచి కాయిల్ కూడా చెడ్డదిలా కనిపిస్తుంది. ఇంకా గట్టిగా చూడాలంటే ప్లగ్గు వైరు కొసని బాడీకి 5, 6 మిల్లీమీటర్ల దూరంలో పెట్టి చూస్తారు. పాత బళ్ళ మెకానిక్కులు పావు అంగుళం అనేది ఇదే. ఆ దూరం ప్రతిసారీ తప్పకుండా టప్ టప్‌మని దూకితే ఇగ్నిషన్ బాగున్నట్టే, ఇక పెట్రోలు వైపో టైమింగ్ వైపో చూసుకోవాలి. అప్పుడప్పుడూ ఎగ్గొడుతుంటే మాత్రం వదలకండి.

అంతకన్నా ఎక్కువ దూరం లాగొద్దు, వైరుని ఊరికే గాల్లో వేలాడదియ్యొద్దు. నిప్పుకి బయట దారి లేకపోతే ఆ వోల్టేజీ కాయిల్ లోపలి పూతనే చీల్చుకుని పోతుంది, అయస్కాంతంతో తనే స్పార్కు కరెంటు పుట్టించుకునే మాగ్నెటోకైతే మరీ ప్రమాదం.

రంగు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ నీలం రంగైతే మంచిది పసుపైతే చెడ్డది అని అంటారు, చాలావరకు నిజమే, లావుగా నీలంగా చప్పుడు చేస్తూ వచ్చేది బలమైనది, సన్నగా ఎర్రగా వచ్చేది నీరసం. కానీ మనది సముద్రం ఒడ్డు. పొయ్యి మంటలో ఉప్పు పడితే పసుపు రంగు వస్తుంది చూశారా, గాల్లో ఉప్పు తుంపర ఉన్నా ప్లగ్గు మీద పేరుకున్నా స్పార్కులో ఆ రంగు కలవచ్చు. అందుకే నేను రంగుని రెండో సాక్షిగానే చూస్తా, మొదటి సాక్షి దూరమే.

ఆ ఉప్పుతో ఇంకో గొడవ ఉంది. వైజాగ్ చెమ్మ గాలికి, కాయిల్ కరెంటుని ఒక్కో ప్లగ్గుకీ వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ మూత, అదే క్యాప్ మీద, వైర్ల మీద సన్నటి పొర పడుతుంది, కరెంటు ప్లగ్గు దాకా పోకుండా ఆ పొర మీదే పాక్కుంటూ బాడీకి పోతుంది. ఇది పట్టుకోవాలంటే ముందు కాయిల్ నుంచి క్యాప్ మధ్యలోకి వచ్చే లావు వైరు ఊడదీసి దాని కొస దగ్గర స్పార్కు చూడండి, తర్వాత దాన్ని మళ్ళీ పెట్టి ప్లగ్గు వైరు దగ్గర చూడండి. మొదటిచోట బలంగా ఉండి రెండోచోట తగ్గిపోతే దోషం క్యాపులోనో, లోపల తిరిగే రోటర్లోనో, ఆ వైరులోనో ఉంది. చీకట్లో తిప్పితే క్యాపు మీద నీలం గీతలు కదలడం కళ్ళారా చూడొచ్చు. పొడిగుడ్డతో లోపలా బయటా తుడవండి, నల్లటి గీత కాలిపోయి ఉంటే తుడిచినా పోదు, క్యాపు మార్చాల్సిందే.

మొదటిచోటే నీరసంగా ఉంటే పాయింట్లు, కండెన్సర్, కాయిల్, ఇదీ వరస. పాయింట్లంటే కాయిల్ కరెంటుని కలుపుతూ తెంచుతూ ఉండే రెండు లోహపు మొనలు, కండెన్సర్ వాటి మధ్య నిప్పు లేవకుండా ఆపేది. పాయింట్లు విడిపోయిన క్షణంలో కాయిల్‌లో ఉన్న అయస్కాంత బలం ఒక్కసారిగా కూలాలి, ఎంత త్వరగా కూలితే అంత వోల్టేజీ పుడుతుంది, 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం ఇదే. కండెన్సర్ చచ్చిపోతే పాయింట్ల మధ్యే నిప్పు మండి ఆ కూలడం నెమ్మదైపోతుంది. పాయింట్ల మొహాలు శుభ్రమైన మందపాటి కాగితంతో లాగి తుడవండి, గరుకు కాగితం వాడితే దాని పొడి అక్కడే ఉండిపోతుంది. పాయింట్ల ఖాళీ ఆ బండి పుస్తకంలో ఎంత రాశాడో అంత, సన్నటి కొలత రేకుల ఫీలర్ గేజ్‌తో పెట్టాలి, కంటితో కాదు. కాయిల్ అయితే చల్లగా ఉన్నప్పుడు మీటర్‌లో అన్నీ బాగానే చూపించి, అరగంట నడిచి వేడెక్కాక చస్తుంది, అలాంటి దాన్ని వేడి మీదే పరీక్షించాలి.

బ్యాటరీ సంగతి మర్చిపోకండి. హ్యాండిల్ తిప్పితే స్పార్కు దూకి, స్టార్టర్ వేస్తే దూకకపోతే, స్టార్టర్ కరెంటంతా లాగేసి కాయిల్‌కి ఏమీ మిగల్చట్లేదన్నమాట. ఆ ఫెర్గూసన్‌కి గేరు రాడ్డు ఎస్ (స్టార్ట్) గుర్తు దగ్గరికి తెస్తేనే స్టార్టర్ పడుతుంది, గేర్లో ఉండగా బండి ఎగిరి దూకకుండా 1946 నాటి డిజైన్‌లోనే ఆ జాగ్రత్త పెట్టారు, నాకు చాలా ఇష్టమైన సంగతి అది.

మాగ్నెటో ఉన్న బళ్ళకి బ్యాటరీయే అక్కర్లేదు, బాష్ కంపెనీలో హోనోల్డ్ 1902లో చేసిన హైటెన్షన్ మాగ్నెటో వంశమే అవన్నీ. హ్యాండిల్ నెమ్మదిగా తిప్పినప్పుడు టక్‌మని ఒక చప్పుడు వినబడాలి, లోపల స్ప్రింగు పట్టుకుని ఒక్కసారిగా వదిలే చప్పుడు, అది లేకపోతే చేత్తో తిప్పే వేగానికి స్పార్కు చాలదు. ఇక పక్క పొలంలో ఉన్నవి డీజిల్ ట్రాక్టర్లు, వాటికి ప్లగ్గే ఉండదు, గాలిని కుదించిన వేడికే డీజిల్ అంటుకుంటుంది, వాటి మీద ఇవేమీ చెయ్యబోకండి.

బాబాయి పక్కన లేకుండా మొదలెట్టొద్దు. పెట్రోలు ట్యాపు కట్టెయ్యాలి, ప్లగ్గు తీసిన రంధ్రం దగ్గర స్పార్కు పెట్టకూడదు, అక్కణ్ణుంచి ఆవిరి వస్తుంది, అంటుకుంటుంది. వైరుని చేత్తో పట్టుకోవద్దు, క్లిప్పే. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉండాలి, చుట్టూ తిప్పి పట్టుకుంటే ఇంజన్ వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది. కింద నుంచి పైకి లాగాలి, పై నుంచి కిందకి నొక్కొద్దు.

మధ్య వైరు దగ్గర ఎంత దూకింది, ప్లగ్గు దగ్గర ఎంత దూకింది, రెండూ నోట్‌బుక్‌లో రాయండి. పాయింట్ల మొహాలు దగ్గర్నుంచి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టండి, ఒకవైపు గుంట, రెండోవైపు బుడిపె పడ్డాయేమో చూస్తా. పడి ఉంటే కండెన్సర్ కోసం శనివారం గాజువాక ఆటోనగర్ వెళ్ళి వెతుకుతాను.

మీ తాతయ్య
విశాఖపట్నం