గని తవ్విన నేలలో మొక్కలు: అపోహలు - వాస్తవాలు

ఓపెన్‌కాస్ట్ గని పని అయిపోయాక ఆ నేలలో చెట్లు పెంచడం నా ఉద్యోగం. అందరూ ఏ మొక్క మంచిదని అడుగుతారు. నన్నడిగితే మొక్క కంటే ముందు మట్టి సంగతి చూడాలి.

అపోహ: డోజర్లతో తొక్కించి చదును చేస్తే మట్టి కొట్టుకుపోదు, మొక్కలు నిలబడతాయి.

వాస్తవం: రోడ్డుకైతే సరే, చెట్టుకు కాదు. బరువైన యంత్రాలు పదేపదే తిరిగితే మట్టిలో గాలి, నీరు పోయే ఖాళీలు మూసుకుపోతాయి. వాననీరు ఇంకదు, పైపైనే పారి మట్టిని కోసేస్తుంది. వేళ్లు కిందికి దిగలేవు కాబట్టి గట్టి ఎండలు రాగానే మొక్క వాడిపోతుంది. అమెరికాలో 1977లో గనుల నేలల పునరుద్ధరణ చట్టం వచ్చాక అపలాచియన్ కొండల్లో జరిగిందిదే. వాలులు జారకూడదని నేలను గట్టిగా తొక్కించి, దట్టంగా గడ్డి చల్లారు. నేల నిలిచింది, చాలాచోట్ల అడవి మాత్రం తిరిగి రాలేదు. తర్వాత అక్కడి అటవీ నిపుణులే పద్ధతి మార్చారు. పైన దాదాపు 1.2 మీటర్ల మందాన వదులు మట్టి పోసి, దానిమీద యంత్రాన్ని వీలైనంత తక్కువగా తిప్పమన్నారు. ఇప్పటికే గట్టిపడిన నేలైతే రిప్పర్‌తో, అంటే డోజర్ వెనక బిగించే ఇనుప కొక్కెంతో, లోతుగా చీల్చాల్సిందే. చీల్చాక అంతా గతుకులు, రాళ్లు. తనిఖీకి వచ్చినవాళ్లు మొహం చిట్లిస్తారు. నాకు కావలసింది ఆ గతుకులే. నీరు, గాలికి కొట్టుకొచ్చే గింజలు ఆగేది వాటిలోనే.

అపోహ: ముందు గడ్డి ఏపుగా పెంచితే మొక్కలకు నీడ.

వాస్తవం: నీడ కాదు, పోటీ. నీరు, వెలుతురు గడ్డే లాగేసుకుంటుంది. పైగా అందులో ఎలుకలు చేరి లేతమొక్కల బెరడు కొరుకుతాయి. పొట్టిగా, పలుచగా పెరిగేవి చాలు.

అపోహ: పైమట్టి కుప్పపోసి ఉంచాం, ఎప్పుడైనా వాడుకోవచ్చు.

వాస్తవం: ఎత్తైన కుప్ప లోపల గాలి ఆడదు. వేళ్లకు తోడుండే శిలీంధ్రాలు, అడవి విత్తనాలు ఏళ్లు గడిచేకొద్దీ చచ్చిపోతాయి. ఒకచోట తీసిన పైమట్టిని వెంటనే మరోచోట పరచడం మేలు. పశ్చిమ ఆస్ట్రేలియా బాక్సైట్ గనుల్లో ఈ పద్ధతి ఉంది.

అపోహ: ఎరువు వేస్తే ఏ మట్టైనా దారికొస్తుంది.

వాస్తవం: పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉన్న రాయికి గాలి, నీరు తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. అక్కడ ఎన్ని బస్తాల ఎరువు పోసినా దండగే. ముందే పరీక్ష చేయించి, అలాంటి రాయిని వేళ్లకు అందనంత లోతున పూడ్చాలి. అదీ గని నడుస్తుండగానే. యంత్రాలు వెళ్లిపోయాక ఇక ఆ ఆమ్లాన్ని విరిచేందుకు సున్నం బస్తాలు మోసుకోవడమే.