నానో మందులకు ఏ చదువు?

చిరంజీవులకు,

బైపీసీ ముగించిన కళ్యాణదుర్గం అమ్మాయి అడిగింది: "తాతా, నానో మెడిసిన్‌లోకి పోవాలంటే డిగ్రీలో ఏం తీసుకోవాల?" కోర్సు పేరులో నానో ఉందా అని వెతకొద్దమ్మా. ముందు మందు సంగతి చూద్దాం, చదువు సంగతి అందులోనే తేలుతుంది.

2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు దొరక్క జనం అల్లాడిన ఇంజెక్షను లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి. ఆంఫోటెరిసిన్ బూజును చంపే మందు, కానీ ఉత్తగా ఎక్కిస్తే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దాన్నే 100 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు) లోపు కొవ్వు బుడగల పొరలో ఇమిడిస్తే ఆ దెబ్బ బాగా తగ్గుతుంది. ఆ బుడగలే లైపోసోములు, ఇంత చిన్న రేణువులతో చేసే మందులే నానో మందులు.

ఆ సైజే ఎందుకంటారా? చెనక్కాయల మిల్లులో జల్లెళ్లు చూసే ఉంటారు. నూక కిందికి రాలిపోతుంది, ఒలవని కాయలు పైనే నిలుస్తాయి, నడిమి పప్పు బస్తాకెక్కుతుంది. ఒంట్లోనూ అంతే. సుమారు 6 నానోమీటర్ల కంటే చిన్న రేణువు మూత్రంలోకి జారిపోతుంది. 200 దాటిన వాటిని ప్లీహం పట్టేస్తుంది. నడిమివే రక్తంలో ఎక్కువసేపు తిరుగుతాయి. లాటంతా ఒకే సైజు పప్పుంటేనే ధర పలికినట్టు, సీసాలో రేణువులన్నీ దాదాపు ఒకే సైజులో ఉండాలి. అయితే పప్పులు పక్కపక్కన పడున్నా అంటుకోవు, నానో రేణువులు అంటుకుంటాయి. మిల్లును ఇక్కడ వదిలేద్దాం.

ఆ అంటుకోవడమే పెద్ద తంటా. ఈ ఇంజెక్షను 50 మిల్లీగ్రాముల పొడిగా వస్తుంది. అందులో 12 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోసి, 30 సెకండ్లు గట్టిగా కుదిపి, తర్వాత 5 శాతం డెక్స్‌ట్రోస్‌లో, అంటే గ్లూకోజు నీళ్లలో కలుపుతారు. ఉప్పునీళ్ల సెలైన్ తగిలిందా, మందు విరిగి ముద్ద కడుతుంది. ఉప్పు ఎందుకు చెరిపిందో కెమిస్ట్రీ చెబుతుంది, రేణువు సైజు ఫిజిక్సు కొలుస్తుంది, దాన్ని ఏ కణం మింగుతుందో బయాలజీ చూస్తుంది. రోగికి ఎక్కించేలా తయారుచేసేది ఫార్మసీ.

బైపీసీ వాళ్లకు నేను ముందు చెప్పేది బీఫార్మసీ. ఈఏపీసెట్‌తో ఎంపీసీ వాళ్లూ చేరొచ్చు. లైపోసోములు, నానోపార్టికల్స్ ఏడో సెమిస్టరులో నావెల్ డ్రగ్ డెలివరీ సిస్టమ్స్ (మందును ఒంట్లోకి చేర్చే కొత్త పద్ధతులు) అనే సబ్జెక్టులో వస్తాయి. తర్వాత ఎంఫార్మసీ ప్రవేశ పరీక్ష జీప్యాట్ రాసి ఫార్మాస్యూటిక్స్‌లో (మందుల తయారీ శాస్త్రం) ఎంఫార్మసీ. కెమిస్ట్రీ మీద మనసుంటే బీఎస్సీ చేసి, ఐఐటీల్లో ఎమ్మెస్సీకి పెట్టే జామ్ పరీక్ష రాయండి. తిరుపతి ఐసర్‌కు (కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా సంస్థ) బైపీసీ వాళ్లూ పోటీపడొచ్చు గానీ, దాని ప్రవేశ పరీక్షలో లెక్కల ప్రశ్నలు కూడా ఉంటాయి, మరిచిపోవద్దు. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో మెటీరియల్స్ సైన్స్, నానోటెక్నాలజీ విభాగముంది. నా మాటైతే, డిగ్రీలో ఒక సబ్జెక్టు గట్టిగా పట్టి, నానో పీజీలో చదవండి. పరిశోధన ఉద్యోగాలకు చాలాచోట్ల పీహెచ్‌డీ అడుగుతారు. ఎన్నేళ్లు పడుతుందో ఇంట్లో ఇప్పుడే చెప్పేయండి.

రాత్రి ఒక పని చేయండి. గ్లాసు నీళ్లలో బొమ్మ లేజరు లైటు వేయండి, ఎవరి కంట్లోనూ పడకూడదు. దారి సరిగా కనబడదు. ఒక చుక్క పాలు వేసి చూస్తే గీత కనబడుతుంది. పాలలోని రేణువులు వెలుగును చెదరగొట్టడం వల్లే అది కనబడుతుంది. రేణువుల సైజు కొలిచే యంత్రం నమ్ముకున్నదీ ఈ చెదిరిన వెలుగునే. ఆనక నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి, కాసేపయ్యాక మళ్లీ లైటు వేసి, గీత ఏమైందో రాసి పంపండి.

ఆశీస్సులతో,
తాత