షెరిఫ్ ఎవరి మాట వినాలి?

షికాగో పోలీసులు కేంద్ర ఇమిగ్రేషన్ అధికారులకు సహకరించరట అనే వార్త చదవగానే మనవాళ్లకు ఒక సందేహం వస్తుంది. కేంద్రం చెప్పాక కాదనడానికి ఊరి పోలీసెవరు? మన అలవాటును బట్టి చూస్తే అది న్యాయమైన సందేహమే. మన దేశంలో పోలీసు శాఖ రాష్ట్రాలది, విదేశీయుల వ్యవహారం కేంద్రానిది. అయినా రెండిటి మధ్యా గోడ లేదు. విదేశీయులను గుర్తించి వెనక్కి పంపే అధికారాలను కేంద్రం 1958లోనే రాష్ట్ర ప్రభుత్వాలకు అప్పగించింది. చాలా జిల్లాల్లో ఎస్పీయే విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారి కూడా. వీసా గడువు దాటినవాణ్ణి పట్టుకోవడం నా పని కాదని ఏ ఎస్పీ అనడు, అనలేడు.

అమెరికాలో పోలీసు వ్యవస్థ పైనుంచి కిందికి కట్టింది కాదు. ఊరికో పోలీసు శాఖ, మన జిల్లా లాంటి కౌంటీకో షెరిఫ్ అనే పోలీసు అధిపతి, పెద్ద యూనివర్సిటీలకు సొంత పోలీసులు, అన్నీ కలిపి దేశంలో దాదాపు 18,000 సంస్థలున్నాయి. షెరిఫ్ చాలాచోట్ల ఎన్నికల్లో గెలిచి వచ్చినవాడు. మేయర్ మాటే ఆయన వినక్కర్లేదు, ఇక వాషింగ్టన్ సంగతి చెప్పేదేముంది. కౌంటీ జైలు తాళాలు మాత్రం ఎక్కువచోట్ల ఆయన దగ్గరే ఉంటాయి. వీధుల్లో ఎన్ని నినాదాలు వినిపించినా, ఈ గొడవ అసలు నడిచేది ఆ జైలు గుమ్మం దగ్గరే.

గొడవ వలసల కంటే పాతది. 1837లో పెన్సిల్వేనియాలో బతుకుతున్న మార్గరెట్ మోర్గన్ అనే నల్లజాతి స్త్రీని, ఆమె పిల్లలను, పారిపోయిన బానిసలంటూ ఎడ్వర్డ్ ప్రిగ్ అనేవాడు మరికొందరితో కలిసి మేరీల్యాండ్‌కు ఎత్తుకుపోయాడు. పెన్సిల్వేనియా కోర్టు అతణ్ణి దోషిగా తేల్చింది. 1842లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి బానిస యజమానుల హక్కునే నిలబెట్టింది. అయితే తీర్పు రాసిన జస్టిస్ జోసెఫ్ స్టోరీ అందులో ఒక సంగతి ఒప్పుకున్నారు. పారిపోయిన బానిసల చట్టం కేంద్రానిది కాబట్టి, దాన్ని అమలు చేసి తీరాలని రాష్ట్ర అధికారులను బలవంతపెట్టలేమన్నారు. మసాచుసెట్స్‌కు ఆ సందు చాలింది. మరుసటి ఏడాదే చట్టం చేసింది: పారిపోయి వచ్చినవారిని పట్టుకోవడంలో రాష్ట్ర అధికారులు పాల్గొనకూడదు, రాష్ట్ర జైళ్లలో వాళ్లను ఉంచకూడదు. ఇప్పుడు కాలిఫోర్నియా, ఇలినాయ్ చట్టాలు చదివితే వాటి ఎముకలగూడు ఇదే.

దీనికి దక్షిణాది రాష్ట్రాలు మండిపడ్డాయి. 1850లో అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ చేత మరింత కఠినమైన చట్టం చేయించుకున్నాయి. దాని కింద కేంద్ర కమిషనర్లకు అధికారమిచ్చారు. పట్టుబడ్డ మనిషిని యజమానికి అప్పగిస్తే కమిషనర్‌కు 10 డాలర్ల ఫీజు, వదిలేస్తే 5 డాలర్లు. రాష్ట్రాల హక్కులని పొద్దున లేస్తే మాట్లాడే దక్షిణాదివారే, ఎదుటి రాష్ట్రం అదే హక్కు వాడుకునేసరికి కేంద్రాన్ని పిలిచారు. ఇలా పక్షాలు అటూఇటూ మారడం ఈ చరిత్రలో ముందుముందు కూడా కనిపిస్తుంది.

వలసల విషయంలో ఆధునిక కథ 1977లో ఒరెగన్ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ అనే చిన్న ఊళ్లో మొదలైందని చెప్పొచ్చు. స్థానిక పోలీసులు ఒక హోటల్లోకి వచ్చి, మెక్సికన్ల లాగా కనిపించినవారిని కాగితాలు అడిగారు. వాళ్లలో ఒకాయన అమెరికా పౌరుడే. కోర్టుకెక్కాడు. ఆ కేసు చూసిన లాయరే తర్వాత శాసనసభ్యుడై, 1987లో స్థానిక పోలీసులు ఇమిగ్రేషన్ పనులు చేయకూడదనే చట్టం తెచ్చాడు. రెండు పార్టీలవారూ దాదాపు ఏకగ్రీవంగా ఓటేశారు. ఇవాళ ఊహించడానికి కూడా కష్టమైన సంగతి.

ఈలోగా 1979లో లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ ‘స్పెషల్ ఆర్డర్ 40’ జారీ చేసింది. ఎవరి ఇమిగ్రేషన్ స్థితిగతులైనా తెలుసుకోవడమే లక్ష్యంగా పోలీసులు ఏ చర్యా మొదలుపెట్టకూడదన్నది దాని సారాంశం. అప్పటి చీఫ్ డారిల్ గేట్స్ మెతక మనిషి అని గిట్టనివాళ్లు కూడా అనరు. ఆయన లెక్క పోలీసు లెక్కే. దొంగతనం జరిగినా, భర్త కొట్టినా, హత్యకు సాక్షిగా ఉన్నా, పోలీసుల దగ్గరికి వస్తే దేశం నుంచి పంపేస్తారన్న భయం జనంలో ఉంటే నేరాలు తేలవు. ఈ వాదన నలభై ఏళ్లకు పైగా అలాగే ఉంది, దాన్ని చెప్పే మనుషులే మారారు.

1982లో అరిజోనాలోని టూసాన్‌లో ఒక ప్రెస్బిటేరియన్ చర్చి ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవారికి బహిరంగంగా ఆశ్రయమిచ్చింది. ఆ ఉద్యమంలోని పాస్టర్లు, కార్యకర్తల మీద కేంద్రం కేసులు పెట్టి శిక్షలు వేయించింది. అయినా షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్ నగరాలు ఆ పదేళ్లలోనే ఒకదాని వెంట ఒకటి తమ సిబ్బందికి ఉత్తర్వులిచ్చాయి. ‘శాంక్చురీ సిటీ’, అంటే ఆశ్రయమిచ్చే నగరం, అనే పేరు అప్పటి నుంచే. ఆ పేరు వల్ల ఒక అపోహ కూడా పాతుకుపోయింది. ఈ నగరాల్లోకి కేంద్ర అధికారులు రాకూడదని చట్టమేమీ లేదు. వాళ్లు రావచ్చు, అరెస్టులు చేయవచ్చు. నగరం తన పోలీసులను, తన జైలును వాళ్ల పనికి ఇవ్వదు, అంతే.

1996లో క్లింటన్ సంతకం చేసిన వలస చట్టం రెండు దారులు తెరిచింది. ఒకటి 287(జి) సెక్షన్. ఇష్టపడి ఒప్పందం చేసుకున్న స్థానిక పోలీసులకు శిక్షణ ఇచ్చి, వాళ్లతోనే ఇమిగ్రేషన్ పనులు చేయించవచ్చు. రెండోది, స్థానిక అధికారులు ఇమిగ్రేషన్ సమాచారం కేంద్రంతో పంచుకోవడాన్ని ఏ ఊరూ నిషేధించకూడదనే నిబంధన. ఆ మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు నుంచి ఒక తీర్పు వచ్చింది, వలసలతో ఏ సంబంధమూ లేకుండా. తుపాకీ కొనేవారి పూర్వాపరాలు స్థానిక పోలీసు అధికారులు పరిశీలించాలని 1993 నాటి బ్రేడీ చట్టం చెప్పింది. మోంటానా షెరిఫ్ జే ప్రింట్జ్, అరిజోనా షెరిఫ్ రిచర్డ్ మ్యాక్ అది తమ పని కాదని కోర్టుకు వెళ్లారు. 5-4 తేడాతో గెలిచారు. కేంద్ర కార్యక్రమం అమలు కోసం రాష్ట్రాల అధికారులను కేంద్రం పనికి పెట్టుకోలేదని జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా రాశారు. తుపాకుల హక్కు కోసం పోరాడిన షెరిఫ్‌లు, కన్జర్వేటివ్ జడ్జి కలిసి కట్టిన ఆ కవచాన్నే ఇప్పుడు డెమోక్రాట్ మేయర్లు తొడుక్కుంటున్నారు.

287(జి) వైపు ఆరేళ్లపాటు ఎవరూ కన్నెత్తి చూడలేదు. 2001 దాడుల తర్వాత, 2002లో ఫ్లోరిడా మొదటి ఒప్పందం చేసుకుంది. 2003లో వలస చట్టాలను అమలు చేసే ఐస్ అనే కేంద్ర సంస్థ పుట్టింది. 2007లో అరిజోనాలోని మారికోపా కౌంటీ షెరిఫ్ జో అర్పాయో తన సిబ్బందిలో 160 మందికి ఈ అధికారం ఇప్పించుకున్నాడు. ఎండల్లో గుడారాల జైలు నడిపి, ఖైదీలకు గులాబీ రంగు లోదుస్తులు తొడిగించి టీవీల్లో పేరు తెచ్చుకున్నవాడాయన. లాటినో బస్తీల్లో అద్దం పగిలిందని, లైటు వెలగలేదని కార్లు ఆపి కాగితాలు అడగడం పనిగా పెట్టుకున్నాడు. ఇది జాతి వివక్షేనని 2013లో ఫెడరల్ కోర్టు తేల్చింది. కోర్టు ఆదేశాలను ఖాతరు చేయనందుకు 2017లో ఆయన దోషిగా తేలాడు, నెల తిరగకుండానే ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. ఈ మధ్యలో అరిజోనా ఏకంగా రాష్ట్ర స్థాయి వలస చట్టమే చేస్తే, 2012లో సుప్రీంకోర్టు అందులో చాలా భాగాన్ని కొట్టేసింది. వలస విధానం కేంద్రానిదే, రాష్ట్రాలు తమ సొంత విధానం నడపలేవని చెప్పింది.

అర్పాయో గురించి అందరికీ తెలుసు. దాని కంటే చాలా పెద్ద మార్పు చప్పుడు లేకుండా వచ్చింది. 2008 అక్టోబరులో హూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో ‘సెక్యూర్ కమ్యూనిటీస్’ మొదలైంది. అరెస్టయిన ప్రతి మనిషి వేలిముద్రలూ ఎలాగూ ఎఫ్‌బీఐకి వెళ్తాయి. ఇకమీదట ఎఫ్‌బీఐ వాటిని, ఐస్ ఉన్న హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు కూడా పంపుతుంది. పోలీసు ఏమీ అడగక్కర్లేదు, షెరిఫ్ ఏమీ ఒప్పుకోనక్కర్లేదు. 2011లో ఇలినాయ్, న్యూయార్క్, మసాచుసెట్స్ మేం ఇందులో ఉండబోమన్నాయి. మీ ఒప్పందంతో మాకు పనే లేదని ఒబామా ప్రభుత్వం సమాధానమిచ్చింది. 2012 ఆర్థిక సంవత్సరంలో దేశం నుంచి పంపేసినవారు దాదాపు 4.1 లక్షలు. ఒబామా కాలపు ఈ అంకెను రెండు పార్టీలవాళ్లూ తలచుకోవడానికి పెద్దగా ఇష్టపడరు.

స్థానిక పోలీసు రికార్డు కేంద్రానికి చేరితే ఏమవుతుందో మన విద్యార్థులకు 2025 ఏప్రిల్‌లో తెలిసొచ్చింది. విదేశీ విద్యార్థుల పేర్లను ఎఫ్‌బీఐ నేర సమాచార డేటాబేస్‌తో పోల్చి, ఎక్కడ జోడీ కుదిరితే అక్కడ వేలమంది సెవిస్ రికార్డులు, అంటే విదేశీ విద్యార్థుల వివరాలుండే కేంద్ర రికార్డులు, రద్దు చేశారు. అందులో స్పీడుగా కారు నడిపినవాళ్లు, ఎప్పుడో కేసు కొట్టేసినవాళ్లు కూడా ఉన్నారు. ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం సేకరించిన 327 ఉదంతాల్లో సగం భారతీయులవే. కోర్టుల్లో వరుసగా ఎదురుదెబ్బలు తగిలాక ఆ నెలాఖరుకు రికార్డులు పునరుద్ధరించారు.

వేలిముద్రలు ఆపలేమని తేలాక తగాదా తర్వాతి మెట్టుకు చేరింది. వేలిముద్ర సరిపోలితే ఐస్ జైలుకు ‘డిటైనర్’ పంపుతుంది. ఈ మనిషిని వదిలే టైమ్ వచ్చినా ఇంకో 48 గంటలు ఉంచండి, మేం వచ్చి తీసుకెళ్తాం అని. దానితో వచ్చే వారంటు మీద సంతకం ఐస్ అధికారిదే, జడ్జిది కాదు. 2014లో ఒరెగన్‌లోని క్లాకమస్ కౌంటీ కేసు దీన్ని తేల్చింది. 500 డాలర్ల బెయిలు కడితే బయటపడాల్సిన ఒక మహిళను డిటైనర్ ఉందని రెండు వారాలు లోపలే ఉంచారు. కేవలం ఆ కాగితం చూసి మనిషిని నిర్బంధించడం రాజ్యాంగ విరుద్ధమని, నష్టపరిహారం కౌంటీదే బాధ్యత అని ఫెడరల్ కోర్టు అంది. పరిహారం మాట వచ్చేసరికి రిపబ్లికన్ ఓటర్లున్న కౌంటీల్లో కూడా షెరిఫ్‌లు వెనక్కి తగ్గారు. ఆదర్శాల కంటే లాయర్ నోటీసు వేగంగా పనిచేస్తుంది.

ఏడాది తిరిగేసరికి గాలి మారింది. 2015 జులైలో శాన్‌ఫ్రాన్సిస్కో సముద్రపు ఒడ్డున తండ్రితో నడుస్తున్న యువతి తుపాకీ గుండుకు బలైంది. కాల్చినవాణ్ణి అప్పటికే ఐదుసార్లు దేశం నుంచి పంపేశారు. ఐస్ డిటైనర్ ఇచ్చినా షెరిఫ్ శాఖ కొద్ది నెలల ముందే వదిలేసింది. ఆ తుపాకీ ఒక కేంద్ర ఉద్యోగి కారులోంచి పోయినదని, జ్యూరీ హత్యానేరం రుజువు కాలేదందని తర్వాత తేలినా, అప్పటికి ట్రంప్ ప్రచారంలో ఆ సంఘటన పాతుకుపోయింది. 2017లో శాంక్చురీ నగరాలకు నిధులు ఆపుతానన్న ఆయన ఉత్తర్వును కోర్టులు అడ్డుకున్నాయి. అదే ఏడాది రాష్ట్రాలు చెరో దారి పట్టాయి. డిటైనర్‌ను పాటించి తీరాలని టెక్సాస్ చట్టం చేస్తే, చాలా కేసుల్లో పాటించకూడదని కాలిఫోర్నియా చేసింది.

2025లో కేంద్రం నిధుల బెదిరింపుతో ఆగలేదు. ఇలినాయ్ మీద వేసిన దావాను జులైలో జడ్జి కొట్టేశారు. అందులోనూ రాష్ట్రాల అధికారులను కేంద్రం పనికి పెట్టుకోలేదన్న సూత్రమే అడ్డొచ్చింది. బలవంతం కుదరని చోట డబ్బు పనిచేసింది. 287(జి) ఒప్పందాలు జనవరిలో 135 ఉంటే, సెప్టెంబరుకు వెయ్యి దాటాయి. 2012లో ఆపేసిన టాస్క్‌ఫోర్స్ పద్ధతి, అంటే స్థానిక పోలీసు రోడ్డు మీదే ఇమిగ్రేషన్ అధికారి అయిపోయే పద్ధతి, తిరిగొచ్చింది. చేరిన పోలీసుల జీతాలు కూడా కేంద్రమే భరిస్తానంది. జైలు తలుపు తెరవని చోట్ల ఐస్ వీధుల్లోకి దిగింది. జూన్‌లో లాస్ ఏంజెలెస్‌కు నేషనల్ గార్డ్, మెరైన్లు కూడా వచ్చారు. జైలులో అప్పగిస్తే ఈ రభస ఉండదుగా అని కేంద్రం అంటుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ వీధుల్లో దొరుకుతున్నవాళ్లలో ఏ నేరచరిత్రా లేనివారు చాలామంది ఉన్నారు. వాళ్లు జైలు గుమ్మం దగ్గర ఎప్పటికీ ఎదురయ్యేవారు కారు.

మన తెలుగు కుటుంబాలు దట్టంగా ఉన్న రెండు చోట్లు తీసుకుంటే తేడా తెలుస్తుంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, 2018లో అప్పటి అటార్నీ జనరల్ గుర్బీర్ గ్రేవాల్ ఇచ్చిన ఆదేశం ప్రకారం, తీవ్రమైన నేరాలు గానీ, దేశం విడిచి వెళ్లాలన్న తుది ఉత్తర్వులు గానీ ఉన్న కేసుల్లో తప్ప, డిటైనర్ ఉందని పోలీసులు మనిషిని ఆపి ఉంచరు. టెక్సాస్‌లో డల్లాస్ పక్కన ఉన్న ఫ్రిస్కోలో ఏదో చిన్న కేసులో వీసా గడువు దాటినవాడు దొరికితే కౌంటీ జైలు డిటైనర్‌ను పాటించాల్సిందే. పైగా టెక్సాస్‌లో జైలు నడిపే షెరిఫ్‌లందరూ 2026 డిసెంబరు 1 లోగా ఐస్‌తో ఒప్పందం కుదుర్చుకోవాలని 2025 నాటి రాష్ట్ర చట్టం గడువు పెట్టింది. వేలిముద్రలు మాత్రం రెండు చోట్ల నుంచీ వాషింగ్టన్‌కు వెళ్తాయి.